ఎనిమిది సెకన్ల ఆట: పిల్లాడు ఆంబోతు ఎక్కుతానంటే ఇంట్లోవాళ్ళు ఏం చేశారు?

హ్యూస్టన్ వైపు ఉండే మనవాళ్ళకి రోడియో గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ ఐదారేళ్ళ పిల్లల్ని గొర్రె మీద కూర్చోబెట్టి వదిలే ఆట ఒకటుంది, మటన్ బస్టింగ్ అంటారు. పిల్లల బరువు 55 పౌండ్లు, అంటే మన లెక్కలో 25 కిలోలు దాటకూడదు. హెల్మెట్ పెడతారు, వెస్ట్ తొడుగుతారు. పిల్లాడు నాలుగు అడుగులు వెళ్ళేలోపే పడిపోతాడు, లేస్తాడు, స్టేడియం అంతా చప్పట్లు. చూడ్డానికి భలే ముద్దుగా ఉంటుంది. కానీ అదే పిల్లాడు కొన్నేళ్ళకి వచ్చి "నాన్నా, ఇప్పుడు ఆంబోతు ఎక్కుతా" అంటే ఏం చెప్పాలి? ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్న గురించే.

ముందు ఆట ఏంటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆంబోతు వీపు మీద ఒక్క చేత్తో తాడు పట్టుకుని ఎనిమిది సెకన్లు ఉండాలి. రెండో చెయ్యి దేనికీ తగలకూడదు. మొత్తం వంద మార్కులు, అందులో సగం మనిషికి, సగం ఆంబోతుకి. అవును, ఆంబోతుకి కూడా మార్కులుంటాయి. అది ఎంత బాగా ఎగిరితే రైడర్‌కి అంత మంచిది. మన చిత్తూరు వైపు పశువుల పండగ చూసినవాళ్ళు ఇదీ అలాంటిదే అనుకోవచ్చు గానీ, అక్కడ పక్కన పరిగెత్తి పట్టుకుంటారు, ఇక్కడ ఏకంగా పైన కూర్చుంటారు.

ఇప్పుడు లేన్ ఫ్రాస్ట్ అనే అబ్బాయి దగ్గరికి వద్దాం. పుట్టింది 1963లో. నాన్న క్లైడ్ స్వయంగా రోడియో గుర్రాలు ఎక్కిన మనిషి. అమ్మ ఎల్సీ. వాళ్ళకి యూటాలో పాడి పశువులుండేవి. లేన్ ఐదారేళ్ళకే ఆ దూడల మీద ఎక్కడం మొదలుపెట్టాడు. నాకు బాగా నచ్చిన విషయం ఇక్కడుంది. క్లైడ్ కొడుకుని "వద్దు" అనలేదు, అలాగని "సరే ఎక్కు" అనీ అనలేదు. ఎముకలు ఇంకా లేతగా ఉన్నాయి, ఎదిగేదాకా దూడలతోనే సరిపెట్టుకో అన్నాడు. తానే ఆ ఆట ఆడి దెబ్బలు తిన్నవాడు కాబట్టి అతని మాటకి బరువుంది. అయినా లేన్ తొమ్మిదేళ్ళకే మొదటి ఆంబోతు ఎక్కేశాడు. పిల్లలు కదండీ!

1978లో కుటుంబం ఓక్లహోమాకి మారింది. అక్కడ ఫ్రెకిల్స్ బ్రౌన్ అనే పెద్దాయన దొరికాడు. ఈయన మామూలోడు కాదు. 220 సార్లు ఎవరికీ లొంగని టోర్నడో అనే ఆంబోతు మీద 1967లో ఎనిమిది సెకన్లు నిలబడ్డాడు. అప్పుడు ఆయన వయసు 46. సొంత తాత కాకపోయినా, తాత మనవడికి నేర్పినట్టు లేన్‌కి మెళకువలు నేర్పాడు. ఫలితం చూడండి: 1981లో హైస్కూల్ జాతీయ ఛాంపియన్, 1987లో ప్రపంచ ఛాంపియన్. 309 ప్రయత్నాల్లో ఒక్కరికీ లొంగని రెడ్ రాక్ అనే ఆంబోతుతో 1988లో ఏడు రౌండ్ల పోటీ పెడితే లేన్ నాలుగు గెలిచాడు.

1989 జులై 30, వయోమింగ్‌లోని షయాన్. లేన్ ఎనిమిది సెకన్లు పూర్తి చేశాడు, 85 మార్కులు వచ్చాయి. కిందకి దిగాక ఆంబోతు వెనక్కి తిరిగి వీపు మీద గుద్దింది. లేచాడు, సాయం కోసం చెయ్యి ఊపాడు, మళ్ళీ పడిపోయాడు. పక్కటెముకలు విరిగి లోపల పెద్ద రక్తనాళం తెగింది. వయసు 25. ఆయన్ని ఓక్లహోమాలోని హ్యూగోలో, ఫ్రెకిల్స్ బ్రౌన్ సమాధి పక్కనే ఖననం చేశారు.

చూడండి, ఇక్కడ ఆ అమ్మానాన్నలు రోడియోని తిట్టుకుని దూరంగా వెళ్ళిపోయినా ఎవరూ తప్పు పట్టరు. కానీ వాళ్ళు వెళ్ళడం మానలేదు, కుర్రాళ్ళతో మాట్లాడడం మానలేదు. ఇంకోపక్క లేన్ స్నేహితుడు, తోటి రైడర్ కోడీ లాంబర్ట్, గుర్రప్పందేల జాకీలు వేసుకునే వెస్ట్ చూసి, 1990ల మొదట్లో ఆంబోతు రైడర్ల కోసం ఒకటి తయారు చేయించాడు. గుద్దిన దెబ్బ ఒక్కచోటే దిగకుండా చుట్టూ పంచేస్తుంది అన్నమాట. ఇవాళ ఆ గొర్రె మీద కూర్చునే చంటోడి ఒంటి మీద ఉన్నది దాని వారసత్వమే.

అయితే ఈ కథలో నన్ను ఇబ్బంది పెట్టే భాగం ఇంకోటి ఉంది. కూతుళ్ళ సంగతి. 1929లో ఆరెగాన్‌లోని పెండిల్టన్‌లో బానీ మెక్‌కారల్ అనే ఆవిడ పొగరు గుర్రం మీంచి పడి, కొద్ది రోజులకి చనిపోయారు. అప్పట్లో ఆడవాళ్ళు ఎక్కే గుర్రాలకి రెండు రికాబుల్నీ గుర్రం పొట్ట కింద కలిపి కట్టేవారు. తేలిక అవుతుందని అలా చేసేవారు గానీ, పడేటప్పుడు కాలు బయటికి రావడం కష్టం. మరి ఏం చేశారు? కట్టడం మానేసి ఆట ఉంచొచ్చు కదా. పెండిల్టన్ వాళ్ళు ఆడవాళ్ళ గుర్రపు స్వారీ పోటీనే తీసేశారు. లేన్ చనిపోతే మగవాళ్ళకి వెస్ట్ వచ్చింది, బానీ చనిపోతే ఆడవాళ్ళకి గేటు మూసుకుంది! రెండూ భద్రత పేరుతోనే. చివరికి 1948లో టెక్సాస్‌లోని శాన్ ఆంజెలోలో 38 మంది ఆడవాళ్ళు కలిసి సొంతంగా గర్ల్స్ రోడియో అసోసియేషన్ పెట్టుకోవాల్సి వచ్చింది.

మనవళ్ళ దాకా వచ్చిన కుటుంబం అంటే యూటాలోని రైట్ వాళ్ళు. తాత బిల్ రైట్, నానమ్మ ఎవెలిన్, 13 మంది పిల్లలు. కొడుకు కోడీ 2008, 2010లో జీను గుర్రాల పోటీలో ప్రపంచ ఛాంపియన్. తమ్ముళ్ళు జెస్సీ 2012లో, స్పెన్సర్ 2014లో. కోడీ కొడుకు రైడర్ 2017లో. అవునండి, అబ్బాయి పేరే రైడర్! ఇంకో కొడుకు స్టెట్సన్ 2019లో ఆల్-అరౌండ్ ఛాంపియన్. అన్నదమ్ములు, తండ్రీకొడుకులు ఒకే పోటీలో దిగేవారు, ఒకళ్ళ జీను ఒకళ్ళు సరిచూసుకునేవారు. పిల్లలకి అండగా ఉండడం అంటే ఈ ఇంట్లో గ్యాలరీలో కూర్చోవడం కాదు, పక్కనే నిలబడి పట్టీలు బిగించడం.

ఒక చిన్న రూల్ కూడా చెప్పి ఆపేస్తాను. ప్రొఫెషనల్ బుల్ రైడర్స్ సంస్థ పెట్టింది: 1994 అక్టోబర్ 15 గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హెల్మెట్ పెట్టుకోవాల్సిందే. అంతకుముందు పుట్టినవాళ్ళకి కౌబాయ్ టోపీ ఛాయిస్ వదిలేశారు. అంటే ఆ తేదీకి అటూ ఇటూ పుట్టిన తండ్రీకొడుకులు ఒకే గేటు దగ్గర నిలబడితే, తండ్రి నెత్తిన టోపీ ఉండొచ్చు, కొడుక్కి మాత్రం హెల్మెట్ తప్పదు.