చలిపట్టిన ఇంజనుకు నిదానం



'నిదానం' అనే మాటకు తెలుగులో రెండర్థాలు ఉన్నవి. లోకవ్యవహారంలో అది తొందరపాటు లేకపోవడం. ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించడం. మాధవకరుని 'మాధవనిదానం' ఈ రెండవ అర్థంలో పుట్టిన పేరు. పుష్యమాసపు ఉదయాన మొరాయించే పాత అంబాసిడరు కారుకు ఈ రెండు నిదానాలూ అవసరమే. మన ప్రాంతంలో ఆ కార్లు ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నవి. వాటి నాడి తెలిసిన చేతులు మాత్రం తరిగిపోతున్నవి. అందుకే ఈ టపా.

ముందుగా రోగతత్త్వం. ద్రవరూపంలోని పెట్రోలు మండదు. ఆవిరియై గాలితో కలిసినప్పుడే మండుతుంది. తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు పదిహేను పాళ్ల గాలి సరియైన మేళనం. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలులో కొంత భాగం ఆవిరి కాక గొట్టపు గోడలకే అంటుకొంటుంది. సిలిండరుకు చేరేది పలుచని మిశ్రమం. కనుక చల్లని ఇంజనుకు, వేడెక్కేవరకు, పెట్రోలు ఎక్కువ పాళ్లు అందించాలి. మనవారు 'చోకు' అనే సాధనం పని ఇదే.

ఈ చలిబాధను తెలుగునాట జనమంతా కన్నులారా చూచినది రెండవ ప్రపంచయుద్ధ కాలంలో. నిజాం రాష్ట్రంలో రైల్వేశాఖ వారు 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా ప్రారంభించారు. దశాబ్దం తిరగకముందే యుద్ధం వచ్చింది, పెట్రోలు కరవైంది. మా చిలుకూరులో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగిన 1941 ఆ యుద్ధ సంవత్సరాలలోనిదే. (ఇది హైదరాబాదు చెంతనున్న బాలాజీ చిలుకూరు కాదు, కోదాడ నుండి హుజూర్‌నగర్ పోయే దారిలోని చిలుకూరు. నాడు నల్లగొండ జిల్లా, 2016 అక్టోబరు నుండి సూర్యాపేట జిల్లా.) ఆ కాలపు వాహనమే పెద్దలు కథలుగా చెప్పే 'బొగ్గుబస్సు'.

బస్సు వెనుక నిలువెత్తు ఇనుప పీపా. అందులో కణకణలాడే బొగ్గులు. పరిమితంగా గాలి తగలడంతో కార్బన్ మోనాక్సైడు ప్రధానంగా ఉన్న వాయువు పుడుతుంది. ఇంజనుకు అదే ఆహారం. అయితే పొయ్యి రాజుకొని మండే వాయువు వచ్చేదాకా బండి కదలదు. క్లీనరు చేతిమర తిప్పి గాలి ఊదాలి. గొట్టం కొసన నిప్పు చూపి, వాయువు నిలకడగా మండితేనే ఇంజనుకు మళ్లించాలి. శక్తి కూడ పెట్రోలుతో పోల్చితే మూడవవంతుకు పైగా తగ్గేది. అంటే చల్లని ఇంజనును మేల్కొలిపే విద్య నాడు ఆ క్లీనరు చేతిలో ఉండేది.

యుద్ధానంతరం ఆ విద్య డ్రైవరు చేతికి వచ్చింది. కలకత్తా సమీపాన ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై 1957-58లో మొదలుపెట్టిన అంబాసిడరు, 2014 మే నెలలో ఉత్పత్తి నిలిచేవరకు మన దారులను ఏలినది. దశాబ్దాల పాటు దానిలో పనిచేసిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనుకు ఎస్.యు. కార్బురేటరు అమరి ఉండేది. చాలా కార్బురేటర్లలో చోకు లాగితే గాలిదారికి ఒక రేకు అడ్డుపడుతుంది. ఎస్.యు. పద్ధతి వేరు. చోకు కొద్దిగా లాగితే త్రాటిల్ మాత్రమే కొంచెం తెరచుకొని ఇంజను వేగం పెరుగుతుంది. ఇంకా లాగితే పెట్రోలు వచ్చే జెట్టు క్రిందికి దిగి, దానిలోని సూది చుట్టూ సందు పెరిగి, పెట్రోలు అధికంగా వస్తుంది.

ఇక చికిత్సకు ముందు పరీక్ష. ఆయుర్వేదంలో రోగనిర్ణయానికి చెప్పిన ఐదు మార్గాలలో 'ఉపశయం' ఒకటి. రోగం గూఢంగా ఉన్నప్పుడు ఒక ఔషధమో పథ్యమో ఇచ్చి, గుణం కనిపించినదా లేదా అని చూచి రోగాన్ని గుర్తించడం. చలిపట్టిన ఇంజనుకు చోకే ఉపశయం. ఇంజను మిస్సింగు కొడుతున్నప్పుడు చోకు లాగి చూడండి. నెమ్మదిస్తే మిశ్రమం పలుచన అయినదని అర్థం. మరింత ముక్కి, సైలెన్సరు నల్లపొగ కక్కితే పెట్రోలు ఇదివరకే ఎక్కువైనదని అర్థం. ఏ మార్పూ లేకుంటే రెండు అనుమానాలు: చోకు తీగ జారి ఉండవచ్చును, లేదా లోపం నిప్పురవ్వలో ఉండవచ్చును. ఒకరు పిడి లాగుతుండగా వేరొకరు కార్బురేటరు అడుగున జెట్టు దిగుతున్నదా అని చూస్తే మొదటి అనుమానం తీరిపోతుంది.

మిశ్రమం పలుచనైతే కార్బురేటరుకూ మానిఫోల్డుకూ నడుమనున్న గ్యాస్కెట్లను చూడాలి. అక్కడి సన్నని సందు నుండి దొంగగాలి దూరుతుంది. ఇంజను వేడెక్కి లోహం వ్యాకోచిస్తే ఆ సందు కొన్నిసార్లు పూడిపోతుంది. అందుకే మధ్యాహ్నం మెకానిక్కు ముందు కారు బుద్ధిమంతురాలై నిలుస్తుంది! పరీక్ష తెల్లవారుజామున, రాత్రంతా కదలని బండికే చేయాలి.

ప్లగ్గులు విప్పితే అవే సాక్ష్యం చెబుతవి. పొడి మసి పట్టితే పెట్రోలు ఎక్కువ, తెల్లబారితే తక్కువ, పెట్రోలుతో తడిసి ఉంటే రవ్వ పడడం లేదు. ఈ ఇంజనుకు ప్లగ్గు సందు అంగుళంలో వెయ్యింట 25 వంతులు, పాయింట్ల సందు వెయ్యింట 15 వంతులు ఉండాలి. డిస్ట్రిబ్యూటరు మూతలో మంచు చెమ్మ చేరినా, బ్యాటరీ నీరసించినా రవ్వ బలహీనపడుతుంది.

మన దేశంలో కనిపించే కారణం ఒకటున్నది. రేడియేటరు నీటి దారిలో థర్మోస్టాట్ అనే చిన్న కవాటం ఉంటుంది. నీరు సుమారు 80 డిగ్రీలకు వేడెక్కేదాకా దారి మూసి ఇంజనును త్వరగా వేడెక్కనిస్తుంది. 'వేడి దేశంలో ఇదెందుకు?' అని మన షెడ్లలో దానిని పీకి పారవేయడం పరిపాటి. ఫలితంగా చలికాలంలో మైళ్లు నడిచినా ఇంజనుకు తగిన వేడి రాదు. డ్రైవరు చోకు లాగే ఉంచుతాడు. మండని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగివేస్తుంది. రింగులూ బోరూ అరుగుతవి. చిన్న కవాటం పోయినందుకు పెద్ద ఇంజను బలి!

నేటి కారణం మరొకటి. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు 2023లో మొదలై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాలు ఆవిరి కావడానికి పెట్రోలు కంటె రెట్టింపుకు పైగా వేడి కావాలి. మండడానికి మాత్రం తక్కువ గాలి చాలును. కనుక పాత లెక్కకు బిగించిన జెట్టుతో మిశ్రమం పలుచబడుతుంది. పాత రబ్బరు గొట్టాలనూ అది తినివేస్తుంది. ముప్పై ఏండ్ల క్రితపు సర్దుబాటు సరిగా ఉన్నప్పటికీ కారు ఈనాడు చలికి ముడుచుకుపోతే ఆశ్చర్యం లేదు. గొట్టాలు మార్చి, ప్లగ్గుల సాక్ష్యం చూచి జెట్టును కొద్దిగా దించుకోవలసి ఉంటుంది.

2000 సంవత్సరం నాటి నుండి మన కార్లలో ఇంజెక్షను పద్ధతి వ్యాపించి, చలిని కొలిచే పని సెన్సారుకూ, పెట్రోలు కొలిచే పని కంప్యూటరుకూ పోయినది. క్లీనరు చేతిమర, డ్రైవరు చోకు రెండూ అందులో లీనమైనవి. అది మేలే. కానీ కంప్యూటరు లేని బండికి మనిషి నిదానమే దిక్కు. మిగిలినవాటినైనా అయినకాడికి విప్పి పారవేయకుండా వరుస తప్పక పరీక్షించాలంటే ఆ వరుస మన భాషలో వ్రాసి ఉండాలి. ఇప్పటిదాకా అది షెడ్డులో గురువు నోటి నుండి శిష్యుని చెవికి పోయిన విద్య; గురువులు వెళ్లిపోతున్నారు.

మీ ప్రాంతపు మెకానిక్కులు వాడే మాటలూ కిటుకులూ వ్యాఖ్యలలో తెలుపగోరుతాను.

స్వస్తి.