వెలివాడకు కొలమానం

అమెరికా నగరాల్లో నల్లజాతి వారిని వేరు పేటలకు పరిమితం చేసే ఏర్పాటు మొదట బాహాటంగా శాసన రూపంలోనే వచ్చింది. ఏ వీధిలో ఏ జాతి వారు కాపురముండాలో నిర్దేశిస్తూ 1910లో బాల్టిమోర్ నగర మండలి ఒక చట్టం చేసింది. ఇతర నగరాలు దాన్ని అనుసరించాయి. లూయీవిల్ నగరం చేసిన అటువంటి చట్టాన్ని 1917లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అయితే ఆ తీర్పు ప్రధానంగా ఆధారపడింది మనుషుల సమానత్వం మీద కాదు, ఆస్తిని అమ్ముకొనే హక్కు మీద. శాసనం పోయిన చోట క్రయ దస్తావేజుల్లో షరతులు చేరాయి. ఆ షరతులను కోర్టులు అమలు చేయరాదని తేలడానికి 1948 దాకా ఆగవలసి వచ్చింది. ఈలోగా 1930లలో ఒక ప్రభుత్వ సంస్థ నగరాల పటాలు గీయించి, నల్లవారి పేటలకు ఎర్రరంగు పులిమింది. గృహరుణాలకు అవి ప్రమాదకరమని దాని అర్థం.

ఇంత జరిగినా, వేర్పాటు ఏ మేరకు ఉందన్న ప్రశ్నకు అందరూ అంగీకరించే కొలత 1955లో గాని స్థిరపడలేదు. ఆ ఏడాది ఓటిస్ డడ్లీ డంకన్, బెవర్లీ డంకన్ దంపతులు అప్పటికి వాడుకలో ఉన్న సూచీలను పరిశీలించి, 'అసమానతా సూచి'కి ప్రామాణికత కల్పించారు. దాని తర్కం సరళం. నగరంలో నల్లవారు 30 శాతం ఉంటే ప్రతి పేటలోనూ 30 శాతమే ఉండాలి. ఆ స్థితి రావాలంటే ఒక జాతిలో నూటికి ఎందరు ఇల్లు మారాలో చెప్పే అంకె అది. సున్నా అయితే పూర్తి కలయిక, 100 అయితే పూర్తి వెలి. కార్ల్, ఆల్మా టాయిబర్ దంపతులు 1960 జనగణన ఆధారంగా 207 నగరాలకు లెక్క కడితే సగటు 86 వచ్చింది! పేదరికం వల్లనే నల్లవారు విడిగా ఉంటున్నారన్న వాదన ఆ లెక్కల ముందు నిలవలేదు. సంపాదన పెరిగిన నల్ల కుటుంబాలూ నల్ల పేటల్లోనే ఉన్నాయి.

ఈ సూచికి లోపాలు లేకపోలేదు. తెల్లవారు ఖాళీ చేస్తుండగా నల్లవారు ప్రవేశిస్తున్న పేట, సరిగ్గా జనగణన నాటికి, ఆదర్శప్రాయమైన మిశ్రమ పేటగా కనిపిస్తుంది. పదేళ్ల తరువాత చూస్తే అక్కడ ఒక్క జాతే మిగిలి ఉంటుంది. 1988లో మాసీ, డెంటన్ ఇరవై సూచీలను పరీక్షించి, వేర్పాటుకు ఐదు ముఖాలున్నాయని తేల్చింది ఇందుకే: ఒక్క అంకెలో ఇమిడే విషయం కాదది.

అన్నిటికంటే కీలకం, కొలిచే ముక్క పరిమాణం. అమెరికా జనగణన శాఖ పెద్ద నగరాల వీధి బ్లాకుల వివరాలను జాతులవారీగా 1940 నుంచే ప్రచురించింది. టాయిబర్ల పని సాధ్యమైంది అందువల్లనే.

భారతదేశంలో ఊరికి దూరంగా మాలపల్లె, మాదిగవాడ ఉంటాయని తెలుగువారికి ఏ సూచీ చెప్పనక్కర లేదు. నగరం ఆ దూరాన్ని చెరిపేస్తుందన్నది అంబేడ్కర్ కాలం నుంచీ ఉన్న ఆశ. ఏడు మహానగరాల 2001 వార్డు లెక్కలను పరిశీలించిన విఠయత్తిల్, సింగ్ ఆర్థిక స్థితి కంటే కులమే ఇళ్లను ఎక్కువగా వేరుచేస్తోందని 2012లో చూపారు. కానీ వార్డంటే వేలాది జనం. వార్డు మొత్తం మీద కలిసి ఉన్నట్టు కనిపించే కులాలు లోపల వీధివీధికీ విడిపోయి ఉండవచ్చు. ఆ తరువాత సుమారు 15 లక్షల చిన్న పేటలను పరిశీలించిన ఒక అధ్యయనం, నగర ముస్లింలలో 26 శాతం మంది, నూటికి 80 మందికి పైగా ముస్లింలే ఉన్న పేటల్లో నివసిస్తున్నారని తేల్చింది. దళితుల విషయంలో ఇటువంటి వాటా 17 శాతం. ప్రభుత్వ బడులు, ఆస్పత్రులు ఆ పేటల్లోనే తక్కువ.

కులగణనతో కూడిన 2027 జనాభా లెక్కలపై రాజకీయ పక్షాల చర్చంతా రిజర్వేషన్ల వాటా చుట్టూనే తిరుగుతోంది. పేరుపేరునా కులాల మొత్తాలు ప్రకటిస్తే ఆ చర్చకు చాలు. ఎవరు ఎవరి పక్కన నివసిస్తున్నారో తెలియాలంటే మాత్రం, వ్యక్తుల గోప్యతకు భంగం కలగకుండా, గణన బ్లాకుల స్థాయి లెక్కలు బయటికి రావాలి. ఆ డిమాండు ఇంతవరకు ఏ ప్రధాన పక్షం ఎజెండాలోనూ ముందుకు రాలేదు.