చేతిపనియు, చేతికి పనియు

తెలుగు రాష్ట్రముల ఎల్లలకు వెలుపల తరతరములుగా స్థిరపడియున్న మన కుటుంబముల చరిత్రను పరిశీలించినచో, వానిలో పెక్కింటిని ఆ తావులకు గొనిపోయినది చేతిపనియే యని తెలియగలదు. షోలాపురమునకు పద్మశాలీలు మగ్గమును నమ్ముకొని పోయిరి. బరంపురమున పట్టు నేసినవారిలో తెలుగువారు కలరు. కోయంబత్తూరు ప్రాంతమున సేద్యము చేసిన తెలుగు కుటుంబములు కాలక్రమమున నూలు మిల్లులను, యంత్రాగారములను నెలకొల్పినవి. మఱికొందఱు ఎక్కడికిని పోలేదు. వారి మీదుగా ఎల్లలే జరిగిపోయినవి. 1936లో గంజాము జిల్లాలో అధికభాగము ఒరిస్సాలో చేరెను. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున కలిసెను. యానాము 1954లో ఫ్రెంచివారి పాలన నుండి విడివడియు పుదుచ్చేరితోనే నిలిచెను.

నాటి నేతగాని యింటిలో శిక్షణాలయము వేఱుగా లేదు. బిడ్డ మొదట కండెలు చుట్టుట నేర్చును. పిమ్మట తెగిన పోగు నతుకుట నేర్చును. కాళ్ళు అందిననాడు మగ్గపు గుంటలో కూర్చుండును. నేర్పువాడు తండ్రి, నేర్చుభాష తెలుగు, నేసిన బట్టను కొనువాడు ఆ యూరి షావుకారు. నేర్చుటయు బ్రతుకుటయు ఒక్క కప్పు క్రిందనే సాగెను. మరమగ్గములు వచ్చి చేమగ్గమునకు గిట్టుబాటు తగ్గినప్పుడు ఈ రెండును విడిపోయినవి. చేతిపని యుండియు చేతికి పని లేనివారు గ్రామగ్రామమున ఏర్పడిరి. విడిపోయిన యీ రెంటిని తిరిగి కలుపుటకు మన దేశమున జరిగిన యత్నముల చరిత్రను సంగ్రహముగా చెప్పుటయు, అది మన కుటుంబములకేల తెలియవలయునో మనవి చేయుటయు మా యుద్దేశము.

ప్రభుత్వము విస్తారముగా పూనుకొనక పూర్వమే మనవారు కొందఱు ఈ దారి త్రొక్కిరి. కోయంబత్తూరు సమీపమున పీళమేడులోని పి. ఎస్. గోవిందస్వామి నాయుడుగారి కుటుంబము ఆస్తిని ఐదు భాగములు చేసి, నాలుగు భాగములు నలువురు కుమారులకును, ఐదవది ధర్మమునకును కేటాయించెను. 1926లో ఏర్పడిన ఆ ధర్మసంస్థ ఆశ్రయమున పారిశ్రామిక శిక్షణాలయము వెలసెను. కోయంబత్తూరు ప్రాంతమువారే యైన జి. డి. నాయుడుగారు 1945లో సాంకేతిక విద్యాలయ స్థాపనకు తోడ్పడి, నేర్పదగినదానిని తక్కువ కాలములో నేర్పవచ్చుననియు, చదువును ఏండ్ల తరబడి సాగదీయుట కాలవ్యయమనియు వాదించిరి. మిల్లులును యంత్రాగారములును నడుచుచున్న ఊరిలోనే శిక్షణ లభించుటచే, నేర్చినవానికి పని దూరము కాకుండెను. ఈ చిన్న సత్యమును దేశవ్యాప్తముగా అమలుపఱచుటకు పెక్కు దశాబ్దములు పట్టినది.

ప్రభుత్వపక్షమున మొదటి యడుగు 1945 జూలైలో పడెను. ద్వితీయ ప్రపంచ సంగ్రామము ముగియు తరుణమున, సైన్యమునుండి విడుదలయగు లక్షలాది యువకులకు పని చూపుటకై ఉద్యోగ వినిమయ కార్యాలయములు స్థాపింపబడెను. దేశవిభజనానంతరము అవి కాందిశీకులకును తోడ్పడెను. 1948 ఆరంభమున వాని తలుపులు సర్వజనులకు తెఱవబడెను. అయితే ఆ కార్యాలయము పని నేర్పునది కాదు. పేరు వ్రాసికొని, ఖాళీని తెలుపునది మాత్రమే. ఈ లోపమును తీర్చుటకు 1950లో వృత్తిపనివారి శిక్షణ పథకము ఆరంభమయ్యెను. మనవారు ఐ. టి. ఐ. అని పిలుచు పారిశ్రామిక శిక్షణ సంస్థలు నాడు సుమారు 50 మాత్రమే. ఫిట్టరు, టర్నరు, వెల్డరు, ఎలక్ట్రీషియను మున్నగు పనులు అందు నేర్పబడుచుండెను.

ఇచ్చట మనవారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగిన తేదీ యొకటి కలదు. శివరావుగారి అధ్యక్షతన పనిచేసిన సంఘపు సిఫారసుల ననుసరించి, ఉద్యోగ వినిమయ కార్యాలయముల నిర్వహణ 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్ర ప్రభుత్వములకు అప్పగింపబడెను. శిక్షణ సంస్థల నిర్వహణయు ఆ సంవత్సరముననే రాష్ట్రములకు సంక్రమించెను. భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినదియు ఆ నవంబరు 1వ తేదీననే గదా! అనగా మనవారు భాషాల్పసంఖ్యాకులైన దినముననే పని చూపు కార్యాలయములును ఆయా రాష్ట్రభాషల పాలనలోనికి పోయినవి. అయినను 1956లోనే వృత్తి శిక్షణకు జాతీయ మండలి యొకటి ఏర్పడి, దేశమంతట చెల్లు పట్టాల పద్ధతిని నెలకొల్పెను. కార్యాలయము రాష్ట్రమునకు చెందినను, పట్టా దేశమునకు చెందినది. బళ్ళారిలో నేర్చిన వెల్డరు హైదరాబాదునను, పుణెలోను తన పట్టాను చూపవచ్చును. తరువాత 1961లో అప్రెంటిసు చట్టము వచ్చి, కర్మాగారములోనే భత్యముతో నేర్చుకొను వీలు కల్పించెను.

ఈ యేర్పాట్లన్నియు పట్టణములకు చేరువగానుండెను. పాఠశాల చదువు నడిమిలో మానిన పల్లెటూరి యువకునకు దూరముగానుండెను. అతని కొఱకు 1979 ఆగస్టు 15న ప్రారంభమైనది ట్రైసెం అను గ్రామీణ యువజన స్వయం ఉపాధి శిక్షణ పథకము. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబములలో 18 మొదలు 35 ఏండ్ల వయస్సువారికి, బ్లాకునకు 40 మంది చొప్పున, ఏటేట 2 లక్షలమందికి శిక్షణ నీయవలెనని సంకల్పము. శిక్షితులలో కనీసము మూడవవంతు స్త్రీలుండవలెనని నియమము. సంస్థలలోనే గాక, ఊరిలోని నేర్పరియైన పనివాని యొద్దను శిష్యుని చేర్చవచ్చుననుట ఈ పథకమందలి మేలైన యంశము. మన పెద్దల పద్ధతికి ప్రభుత్వము భత్యమును, పనిముట్లను జతచేసినట్లయ్యెను.

ఫలితమో, ఆశించినంత కాలేదు. 1993లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ జరిపిన పరిశీలనలో, శిక్షణ పొందినవారిలో దాదాపు సగముమంది నిరుద్యోగులుగానే యుండిరనియు, సుమారు మూడవవంతు మాత్రమే స్వయం ఉపాధి చేపట్టిరనియు తేలెను. సగముమందికి పైగా బ్యాంకు ఋణమునకు దరఖాస్తు చేయనేలేదు. కుట్టుపని నేర్చిన యువతికి కుట్టుయంత్రము కొనుటకు డబ్బు లేకున్న నేర్పేమి చేయగలదు? యంత్రమున్నను, బట్టలు కుట్టించుకొను గిరాకి ఆ యూర లేకున్న నేమి చేయగలదు?

ఈ ప్రశ్నకు ఒక చక్కని సమాధానము కర్ణాటకమున దొరికెను. దక్షిణ కన్నడ జిల్లాలోని ఉజిరెలో 1982లో ధర్మస్థల విద్యాసంస్థయు, సిండికేటు, కెనరా బ్యాంకులును కలిసి రుడ్‌సెటి అను శిక్షణ సంస్థను స్థాపించినవి. భోజన వసతులతో ఉచితముగా కొలది వారముల శిక్షణ నిచ్చి, పిమ్మట రెండేండ్లపాటు శిక్షితుని యోగక్షేమములు విచారించుట దాని పద్ధతి. బ్యాంకు తానే పాలుపంచుకొనుటచే ఋణమునకు దారి సుగమమయ్యెను. ఆ సంస్థకు అనంతపురమున శాఖ ఏర్పడెను. 2009 నుండి ఇదే నమూనాపై జిల్లా కొక్క సంస్థను బ్యాంకుల చేత నెలకొల్పించుటకు కేంద్ర ప్రభుత్వము పూనుకొనెను.

1999 ఏప్రిల్ 1న ట్రైసెం, డ్వాక్రా మున్నగు పథకములు స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో విలీనమయ్యెను. స్వయం ఉపాధి అందఱికి సరిపడదనియు, కొందఱికి నెలజీతపు కొలువే మేలనియు క్రమముగా గ్రహింపబడెను. 2005లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గ్రామీణ యువజనులకై ఉపాధి కల్పన, మార్కెటింగు మిషన్‌ను స్థాపించెను. యజమానికి ఎట్టివారు కావలయునో ముందు తెలిసికొని, తదనుగుణముగా శిక్షణ నిచ్చుట అందలి క్రొత్తదనము. 2014 సెప్టెంబరు 25న ప్రారంభమైన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఈ మార్గమునే దేశమంతటికి విస్తరించెను. 15 మొదలు 35 ఏండ్లవారు, స్త్రీలైనచో 45 ఏండ్ల వరకు, అర్హులుగా నిర్ణయింపబడిరి. శిక్షితులలో నూటికి 70 మందికైనను కొలువు చూపవలెనను నియమము విధింపబడెను. శిక్షణ సంస్థకు చెల్లింపును కొలువుతో ముడిపెట్టుట, దూరప్రాంతములకు పోయినవారికి సహాయ కేంద్రములను తలపెట్టుట గమనింపదగినవి.

ఈ చరిత్రలో ప్రతి పథకమును వెనుకటిదాని లోపము నుండియే పుట్టినది. ఖాళీ తెలిసినను నేర్పు లేకపోయెను. నేర్పు కలిగినను ఋణము లేకపోయెను. ఋణము దొరకినను గిరాకి లేకపోయెను. ఒక్కొక్క లోటును పూరించుచు, మన తాతలయింట ఒక్క కప్పు క్రింద నుండినదానినే ప్రభుత్వము దశాబ్దములుగా ముక్కలు ముక్కలుగా తిరిగి కూర్చుచున్నది.

మఱి మన బిడ్డలు ఆ గడపను ఏల త్రొక్కలేకున్నారు? హోసూరు చుట్టుపట్టుల తెలుగు పల్లెల ముంగిటనే కర్మాగారములు లేచినవి. వాని ద్వారమున అడుగునది పట్టా. శిక్షణాలయములలో బోధన ఆ రాష్ట్రభాషలోనో, ఆంగ్లములోనో సాగుచుండును. తెలుగుమాత్రమే వచ్చిన యువకుడు పాఠము నందుకొనలేడు. రాష్ట్రభాషయే వచ్చి తెలుగు మఱచినవాడు తాతగారి యొద్దనున్న వృత్తిరహస్యము నందుకొనలేడు. రెండును వచ్చినవానికే రెండు తలుపులును తెఱచుకొనును. తెలుగు నేర్పుటకు వెఱచి రాష్ట్రభాషను దూరము చేయువారును, కొలువునకు వెఱచి తెలుగును దూరము చేయువారును సమానముగా నష్టపోవుచున్నారని మా యభిప్రాయము.

పత్రముల విషయమున అశ్రద్ధ మఱియొక శత్రువు. 2014 నాటి పథకము అంత్యోదయ కార్డును, కుటుంబములో నొకరికి గల స్వయంసహాయక సంఘ సభ్యత్వమును అర్హతకు ఆధారములుగా అంగీకరించెను. ఇంటిలో నున్న కాగితము విలువ తెలియక గడువు దాటినపిమ్మట విచారించువారిని మేము పలుమారు చూచితిమి. అమ్మాయిని వసతిగృహమునకు పంపుటకు సందేహించి అవకాశమును జాఱవిడిచిన తల్లిదండ్రులును కలరు. మూడవవంతు స్థానము స్త్రీలకై ఉంచబడినప్పుడు, ఆ స్థానము మన యింటి యాడుబిడ్డకు ఏల కారాదు?

తెలుగు సంఘములు ఉగాది నాడు కవులను సత్కరించుచున్నవి, అది యుచితమే. ఏటికొక ఆదివారము, పదవ తరగతి ఫలితములు వెలువడిన పిమ్మట, సంఘ మందిరమున బల్ల యొకటి వేసి, జిల్లాలోని శిక్షణ సంస్థల వివరములు చెప్పి, దరఖాస్తులు పూరించి పంపుట కూడ భాషాసేవయే యగును. చేతికి పని దొరకిన కుటుంబము ఆ తావుననే నిలుచును. నిలిచిన కుటుంబములోనే భాష నిలుచును. పీళమేడు కుటుంబము ఆస్తిలో ఐదవ భాగమును ధర్మమున కిచ్చినది. మనము ఏటికొక్క దినము నీయలేమా?