వీధి లేని ఊరు

వేల్స్ దేశంలో, ఉత్తర పోవిస్ కొండల మధ్య ఉన్న ల్లాన్‌విహంగెల్-అంగ్-ఙ్విన్వాకు వెళ్లి ఊరేదని వెతికితే కనిపించదు. ఒక చర్చి, దాని చుట్టూ కొన్ని ఇళ్లు, అంతే. జనంలో ఎక్కువమంది కొండవాలుల మీద దూరదూరంగా ఉన్న కమతాల్లో ఉంటారు. ఎవరినైనా కమతం పేరుతోనే పిలుస్తారు, మన ఇంటిపేరులాగే. పూర్వం ‘ల్లాన్’ అంటే దడి కట్టిన నేల. తర్వాత అందులోని చర్చికీ ఆ పేరే వచ్చింది. మిఖాయేలు దూత పేరిట వెలసిన చర్చి ఇది. ‘గ్విన్వా’ అంటే పరదైసు.

ఆ పరదైసులో ఒకప్పుడు భూమి మాత్రం రైతుది కాదు. ల్లూయ్‌డ్యార్త్ వాన్ కుటుంబానిది, 18వ శతాబ్దంలో పెళ్లి సంబంధంతో విన్‌స్టే జమీందార్లది అయింది. మెథడిస్టు ప్రార్థనా మందిరాలకు వెళ్లే రైతులు కూడా ఆంగ్లికన్ చర్చికి దశమభాగం కట్టక తప్పేది కాదు. వేల్స్‌లో ఆ చర్చికి రాజ్యపు అండ పోయింది 1920లోనే.

నన్ను ఇక్కడ కట్టిపడేసేది డోల్వార్ ఫాఖ్ అనే కమతం. ఆన్ గ్రిఫిత్స్ 1776లో అక్కడే పుట్టింది. మెథడిస్టు బోధకుడు థామస్ చార్లెస్ ప్రసంగం వినడానికి బెర్విన్ కొండలు దాటి బాల పట్టణానికి నడిచి వెళ్లేది. భక్తి పొంగినప్పుడు కీర్తనలు కట్టేది. 1805లో, బిడ్డను కన్న కొద్ది రోజులకే, 29 ఏళ్లకు చనిపోయింది. ఆమె చేతిరాతలో మనకు దక్కింది ఒకే ఒక్క చరణం. మిగతావన్నీ ఆ ఇంట్లో పనిచేసిన రూత్‌కు కంఠతా వచ్చు. రూత్ చెబుతుంటే ఆమె భర్త జాన్ హ్యూస్ రాసుకున్నాడు. వెల్ష్ సాహిత్యం తన గొప్ప కవయిత్రిని ఒక పనిమనిషి జ్ఞాపకశక్తికి రుణపడి నిలుపుకుంది.

పక్కనున్న ల్లానుథిన్ పల్లెకు అలా నిలిచే భాగ్యం దక్కలేదు. లివర్‌పూల్ నగరానికి తాగునీళ్ల కోసం 1880లలో కట్టిన ఆనకట్ట నీళ్ల కింద ఆ పల్లె మునిగిపోయింది.

వీధి లేని ఈ జనాన్ని కలిపి ఉంచేదేమిటో ఆల్విన్ రీస్ 1950లో అచ్చయిన తన గ్రంథంలో పరిశీలించాడు. అతనికి కనిపించినవి ఇవి: ఇంటి పొయ్యి చుట్టూ అల్లుకున్న బంధుత్వం, గొర్రెల ఉన్ని కత్తిరింపుకూ ధాన్యం నూర్పుళ్లకూ ఇరుగుపొరుగు ఒకరికొకరు బదులు వెళ్లడం, ఆదివారం ప్రార్థనా మందిరం.

వాటితోపాటు ‘ప్లగైన్’ అనే క్రిస్మస్ కీర్తనల ఆరాధన కూడా ఉంది. కోడికూత అనే అర్థం నుంచి వచ్చిన మాట అది. ఒకప్పుడు క్రిస్మస్ తెల్లవారుజామున జరిగేది, ఇప్పుడు ఎక్కువగా సాయంత్రాల్లో. ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఒక కుటుంబం లేచి ముందుకు వచ్చి, వాయిద్యం లేకుండా, తమ ఇంట తరాలుగా వస్తున్న పాట పాడి వెళ్లి కూర్చుంటుంది. తర్వాత ఇంకొకరు లేస్తారు. చివర్న మగవాళ్లంతా కలిసి భోజనం పాట పాడతారు. ఆ తర్వాత అందరూ భోజనాలకు కదులుతారు.