మంచును దున్నే బండి

మంచు కురిసే దేశాల్లో దాన్ని ఎత్తి పారబోయడానికి కూలి ఇస్తారంటే ఎవరైనా నమ్ముతారు. మోసుకొచ్చి దారిలో పొయ్యడానికి కూలి ఇచ్చేవారంటే మాత్రం, ఇదేదో వేళాకోళం అనుకుంటారు. కాని అది నిజం. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా ఈశాన్యాన, వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ లాంటి రాష్ట్రాల్లో చాలా వంతెనలకు చెక్కతో కప్పు వేసేవారు. కప్పు ఉంది గనక లోపల మంచు పడేది కాదు. చలికాలం రాగానే ఊళ్లో వాళ్లంతా చక్రాల బళ్లు పక్కనపెట్టి, కింద కమ్ములున్న జారుడు బళ్లు బయటికి తీసేవారు. ఊరంతా హాయిగా జారుకుంటూ వచ్చిన బండి వంతెన దగ్గరికి వచ్చేసరికి, ఉత్త చెక్క మీద కీచుమని ఆగిపోయేది. అందుకని మనుషుల్ని పెట్టి, పారలతో మంచు ఎత్తించి వంతెన లోపల పరిపించేవారు!

రోడ్ల సంగతీ అంతే. మంచు తియ్యాలనే ఆలోచనే ఎవరికీ ఉండేది కాదు. పెద్ద పెద్ద చెక్క రోలర్లకు గుర్రాలు కట్టి, కురిసిన మంచును కురిసినట్టే అణగదొక్కి గట్టిపరిచేవారు. అది గట్టిపడిన కొద్దీ బళ్లు నున్నగా పోయేవి. ఆ మాటకొస్తే వానాకాలం బురద కంటే చలికాలం దారే నయమనుకునేవాళ్లు ఆ పల్లెటూళ్ల జనం.

మరి మంచు శత్రువెప్పుడైంది? మనిషి చలికాలంలో కూడా చక్రం మీదే తిరుగుతానని పట్టుబట్టినప్పుడు. ఆ పట్టుదల కథే ఈ వ్యాసం. ఇంటి ముందు మంచు తొయ్యడానికి ఇవాళ అక్కడివాళ్లు కొనే చిన్న బండి దగ్గర ఆ కథ ప్రస్తుతానికి ఆగింది.

నగరాల్లో మంచు నాగలి దిగింది 1860 ప్రాంతాల్లో. మిల్వాకీ నగరం 1862లో గుర్రాలు లాగే నాగలితో వీధులు శుభ్రం చేయించిందని చెబుతారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని స్నో ప్లౌ అన్నారు గనక మనమూ నాగలే అంటున్నాం. నిజానికి అది చేసే పని మన గుంటక పనికి దగ్గర. లోతుగా దున్నదు, పైపైన గీరుకుంటూ పోతుంది. గీరిన మంచు మాయమవుతుందా? అవదు. పక్కకు పోతుంది. వీధి మధ్య మంచంతా దుకాణాల గుమ్మాల ముందు గోడలా లేచింది. కొనేవాళ్లు లోపలికి రాలేరు, ఉన్నవాళ్లు బయటికి పోలేరు. దుకాణదార్లు గగ్గోలు పెట్టారు. జారుడు బళ్లవాళ్లు మా దారి చెడగొట్టారని వాళ్ల పాట వాళ్లు పాడారు. ఈ గట్టు గొడవ మాత్రం గుర్తుపెట్టుకోండి. నూరేళ్లు దాటినా అది తీరలేదు.

1888 మార్చి 11న మొదలైన మంచు తుపాను అమెరికా తూర్పు తీరాన్ని అతలాకుతలం చేసింది. నాలుగు వందలమందికి పైగా చనిపోయారు. ఒక్క న్యూయార్క్ నగరంలోనే సుమారు రెండు వందలమంది. తంతి స్తంభాలు కూలిపోయాయి. ఎత్తు వంతెనల మీద నడిచే రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఆ దెబ్బతో నగరాలకు తెలివొచ్చింది. తీగలు భూమిలోకి దిగాయి. రైళ్లు కూడా భూమిలోంచి పోవాలన్న వాదానికి బలం వచ్చింది. బోస్టన్‌లో 1897లో, న్యూయార్క్‌లో 1904లో పాతాళ రైళ్లు నడిచాయి. మంచు కురిశాక చూద్దాంలే అనుకోవడం మాని, కురుస్తుండగానే తియ్యాలని పురపాలకులు నేర్చుకున్నది కూడా అప్పుడే.

తరవాత మోటారు వచ్చింది. లారీల ముందు ఇనప బ్లేడ్లు వచ్చాయి. కెనడాలో ఆర్థర్ సికార్డ్ అనే ఆయన మంచును మింగి దూరంగా చిమ్మే యంత్రాన్ని 1925లో తయారుచేశాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, సైన్యంలో పేరు తెచ్చుకున్న జీపుకు కూడా బ్లేడు తగిలించారు. నగరం వీధులు శుభ్రపడ్డాయి. చికాగోలో 1979 జనవరి తుపాను తరవాత మంచు సరిగ్గా తియ్యలేదని జనానికి ఎంత కోపం వచ్చిందంటే, మరుసటి నెల పార్టీ ఎన్నికలో మేయర్ మైకేల్ బిలాండిక్ కాస్తా జేన్ బర్న్ చేతిలో ఓడిపోయాడు.

వీధి సంగతి సరే, ఇంటి సంగతేమిటి? అక్కడి ఇళ్లలో గరాజి నుంచి వీధి దాకా కారు దారి ఉంటుంది. డ్రైవ్ వే అంటారు. అది ఇంటివాడి బాధ్యత. వంద అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పున్న దారి మీద అడుగు మందాన మంచు పడితే 1,200 ఘనపుటడుగులు. పొడి మంచైతే మూడు టన్నుల పైచిలుకు. తడి మంచైతే పది టన్నులు. అదంతా పారతో ఎత్తి, ఉస్సురంటూ నడుం నిలబెట్టేసరికి, పురపాలక సంఘం వారి లారీ వీధిని గీరుకుంటూ వచ్చి దారి మొదట్లో పెద్ద గట్టు వేసి పోతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. 1860ల్లో దుకాణదార్లు ఏడ్చిన ఏడుపే ఇవాళ ఇంటివాడు ఏడుస్తున్నాడు.

ఇది నవ్వి ఊరుకునే సంగతి కాదు. 1990 నుంచి 2006 వరకు అమెరికా ఆస్పత్రుల లెక్కలు తీసి చూస్తే, మంచు ఎత్తుతూ ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు ఏటా సగటున వందమంది దాకా తేలారు. వాళ్ల చావుకు కారణం గుండెపోటు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. చేతులతో బరువెత్తితే రక్తపోటు చర్రున లేస్తుంది. ఊపిరి బిగబడితే మరీను. 1965 నాటి వలస చట్టం తరవాత మన తెలుగువాళ్లు చికాగో, డెట్రాయిట్ లాంటి చలి ఊళ్లలో కూడా ఇళ్లు కట్టుకున్నారు. కొడుకు ఒక్కడే మంచు ఎత్తుతుంటే చూడలేక, ఇక్కడినుంచి చూసిపోదామని వెళ్లిన తండ్రి "నువ్వుండరా అబ్బాయ్" అని పార అందుకుంటాడు. అరవై దాటిన ఆ పెద్దమనిషి చేతిలో పార పెట్టకూడదని మాత్రం ఇంటిల్లిపాదీ ముందే అనుకుని ఉండటం మంచిది.

సరిగ్గా ఈ కష్టం దగ్గరికి వచ్చి చేరింది ఏటీవీ. ఆల్ టెరెయిన్ వెహికిల్, అంటే ఎలాంటి నేల మీదైనా పోయే బండి. దీని జన్మరహస్యం తమాషాగా ఉంటుంది. అమెరికాలో చలికాలం వస్తే మోటారు సైకిళ్లు కొనేవాడుండడు. దుకాణాల వాళ్లు ఈగలు తోలుకుంటుంటే, ఈ నాలుగు నెలలూ అమ్ముకోవడానికి ఏదైనా చేసిపెట్టండని జపాన్‌లోని హోండా కంపెనీని అడిగారు. ఒసాము తకెయుచి అనే ఇంజనీరు మూడు చక్రాల బండి తయారుచేశాడు. బూరలాంటి లావు టైర్లు, వాటిలో తక్కువ గాలి. మంచులో, ఇసకలో, బురదలో దిగబడకుండా తేలుతూ పోతుంది. 1970లో అది బజారులోకి వచ్చింది. 89 సీసీ ఇంజను, ధర 595 డాలర్లు. మరుసటి ఏడే జేమ్స్ బాండ్ సినిమాలో కూడా కనిపించింది.

ఇలా మంచు పుణ్యమా అని పుట్టిన బండిని జనం ఆటబొమ్మ అనుకున్నారు. అది ఆటబొమ్మ కాదు. మూడు చక్రాల మీద నిలకడ తక్కువ. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉండటం వల్ల మలుపు తిప్పేటప్పుడు మనిషి తన ఒళ్లు వంచి బరువు మార్చాలి. తెలియనివాడు తిప్పితే బండి తిరగబడుతుంది. 1980లలో వందలమంది చనిపోయారు. అందులో పదహారేళ్లు నిండని పిల్లలెందరో! చివరికి 1988లో కంపెనీలు ప్రభుత్వంతో ఒప్పందానికి వచ్చి కొత్త మూడు చక్రాల బళ్లు అమ్మడం మానేశాయి. 2008లో చట్టమే వాటిని నిషేధించింది. ఈ లోపల 1982లో సుజుకీ నాలుగు చక్రాల బండి తెచ్చింది. 1986లో హోండా నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి తెచ్చింది. మంచు తొయ్యడానికి పనికొచ్చే అసలు బండి అప్పటికి తయారైందన్నమాట.

మధ్యలో ఇంకొక తమాషా. మిన్నెసోటాలో పొలారిస్ అనే కంపెనీ మంచు మీద పోయే బళ్లు చేసేది. దాని బాధ హోండా దుకాణాల బాధకు తలకిందులు. మంచు లేని నెలల్లో దాని సరుకు కొనేవాడుండడు! అందుకని వాళ్లూ 1985లో ఏటీవీ మొదలుపెట్టారు. తమ మంచు బళ్లలోని బెల్టు గేరునే ఇందులో పెట్టారు. క్లచ్చి నొక్కే పని లేదు, గేర్లు మార్చే పని లేదు. నిమిషానికి నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ పోవలసిన మంచు పనిలో ఈ సుఖం ఎంతటిదో చేసినవాడికే తెలుస్తుంది.

ఇంతకీ కొనబోయేవాడు ఏం చూడాలి? మొదట అందరూ అడిగేది ఇంజను ఎన్ని సీసీలని. వాపు చూసి బలుపనుకోవడమే అది. ఇంజను చక్రాన్ని తిప్పగలదు గాని, బండిని ముందుకు నెట్టేది చక్రానికీ నేలకూ మధ్య ఉండే పట్టు. ఇంటి పనికి 400, 500 సీసీ చాలు. నాలుగు చక్రాలకూ బలం అందాలి, నెమ్మదిగా లాగే లో గేరు ఉండాలి. బండికి బరువు ఉండాలి. మనవైపు చేను చదును చేసేటప్పుడు చెక్క మీద రైతు నిలబడతాడు చూడండి, అదే సూత్రం. వెనక అరల మీద ఇసక బస్తాలు కట్టాలి. ఐసు గడ్డకట్టే చోట టైర్లకు గొలుసులు తొడగాలి.

బ్లేడు వెడల్పు విషయంలో చాలామంది పొరబడతారు. బ్లేడును తిన్నగా పెడితే మంచు ముందు పోగుపడుతుంది. పక్కకు పోవాలంటే ఏటవాలుగా తిప్పాలి. 60 అంగుళాల బ్లేడును 30 డిగ్రీలు తిప్పితే అది శుభ్రం చేసేది 52 అంగుళాలే. బండి వెడల్పు 48 ఉంటే ఫరవాలేదు. అదే 50 అంగుళాల బ్లేడు కొంటే, తిప్పినప్పుడు 43కు తగ్గి, చక్రాలు తియ్యని మంచునే తొక్కుకుంటూ పోతాయి. బ్లేడును నెట్టే కమ్ములు బండి ముక్కుకు కాకుండా పొట్ట కింద ఛాసిస్‌కు బిగిస్తే దెబ్బ బండి అంతటికీ సర్దుకుంటుంది.

బ్లేడు వెనక స్ప్రింగులు తప్పనిసరి. మంచు కింద రాయి ఉందో, కాలిబాట అంచు ఉందో కనపడదు. తగిలినప్పుడు బ్లేడు ముందుకు వాలి, దాటాక తిరిగి లేస్తుంది. లేకపోతే ఆ దెబ్బ బండికీ, హ్యాండిలు మీద ఉన్న ఛాతీకీ తగులుతుంది. కంకర దారైతే బ్లేడు కింద జారుడు పాదాలు దించి అంగుళం ఎత్తు వదలాలి. లేదంటే ఏప్రిల్‌లో కంకరంతా పచ్చికలో ఏరుకోవలసి వస్తుంది. ఎత్తిదించడానికి వించి వాడేవాళ్లు దాని ఇనప తాడును తరచు చూసుకోవాలి. గంటకు వందసార్లు అదే ముక్క చుట్టుకుంటుంది గనక అక్కడే తెగుతుంది. కాసేపు నడిపి ఆపే బండిలో బ్యాటరీ నిండదు. దానికి చార్జరు తగిలించి ఉంచాలి. ఇంజనును మాత్రం మూసిన గరాజిలో నడపకూడదు. ఆ పొగలోని విషవాయువుకు వాసన లేకపోయినా ప్రాణం తీస్తుంది.

ఇక పని. అడుగు మంచు పడేదాకా ఆగకూడదు, నాలుగు అంగుళాలకే ఒకసారి దిగాలి. మనిషి నడక కంటే కొంచెం వేగం చాలు. మొదటి మంచుకే గట్లను వీలైనంత దూరం నెట్టెయ్యాలి. అవి అక్కడే గడ్డకట్టి చలికాలమంతా ఉంటాయి. దగ్గరగా వదిలితే జనవరి నాటికి దారి సగమవుతుంది. మంచును వీధికి అడ్డంగా అవతలి వైపుకు తోస్తే చాలా రాష్ట్రాల్లో నేరం. పిల్లల్ని సరదాకి వెనక ఎక్కించుకోవడం మరీ తప్పు. ఈ బండి చరిత్రలో ఆ సరదాకి ఎంత మూల్యం చెల్లించారో పైన చూశాం.

ఇన్ని చేసి దారి అద్దంలా తీసి లోపలికొచ్చి కాఫీ కప్పు పట్టుకునేసరికి, వీధిలో పురపాలక లారీ చప్పుడు వినిపిస్తుంది. దారి మొదట్లో మళ్లీ గట్టు! తేడా ఏమిటంటే, ఇప్పుడు ఇంటివాడు పార కోసం వెతుక్కోడు. కాఫీ పూర్తిచేసి తాపీగా తాళంచెవి అందుకుంటాడు.