శిల్పికి సభలో పీట

అమరావతి మహాచైత్యమునకు భక్తులు సమర్పించిన శిలాఫలకములలో ఒకదానిమీద, పూర్ణఘటమును చెక్కించి యిచ్చిన దాతగా, ఒక చర్మకారుని పేరు నేటికిని చదువవచ్చును. అతడు విధికుడు, నాగుడను ఉపాధ్యాయుని కుమారుడు. క్రీస్తుశకపు తొలి శతాబ్దములలో కృష్ణాతీరమున తోలుపని చేసి బ్రతికిన మనుష్యుడొకడు తన పేరును, తండ్రి పేరును, వానితోపాటు తన వృత్తిని, దేనిని దాచుకొనక రాతిమీద వ్రాయించుకొని, గృహపతులును వణిజులును తమ దానములను వ్రాయించుకొన్న చైత్యముననే తానును నిలిచెను. ఆంధ్రప్రదేశ రాజముద్రయందలి పూర్ణఘటము ఆ అమరావతి సంప్రదాయమునుండి వచ్చినదే యని తెలిసినవారికి ఈ చర్మకారుని స్మరణ మరింత ప్రియముగా తోచకపోదు. అట్లే దశపురమందలి పట్టునేతగాండ్ర శ్రేణి, తాము లాటదేశమునుండి వలసవచ్చి 436లో సూర్యునకు ఆలయము కట్టించిన వృత్తాంతమును, 473లో దానిని బాగుచేయించిన వృత్తాంతమును, వత్సభట్టియను కవిచేత సంస్కృతశ్లోకములలో చెప్పించి శిలాశాసనముగా నిలుపుకొన్నది. కవిని పిలిపించి తమ కథను తామే చెప్పించుకొన్న నేతగాండ్రు వారు.

ఈ పాతమాటలు నాకిప్పుడు జ్ఞప్తికి వచ్చుటకు కారణము లేకపోలేదు. నేడు అల్లికపనివారును, కుట్టుపనివారును, అద్దకమువారును, వేర్వేరు దేశములందలి ఇద్దరో ముగ్గురో కలిసి ఆతిథేయులై నడపు సభలలో, ఇల్లు కదలక, కంప్యూటరు తెరలమీదనే కూడుకొనుచున్నారు. ఇది నిన్నమొన్న పుట్టిన ఆచారమని పలువురు తలంతురు. తెర క్రొత్తదియే, సభ మాత్రము పాతది. చేతిపనివారిని ఒకచోట చేర్చుటలో రెండు మార్గములున్నవి: వారిని చూచుటకై పిలుచుట యొకటి, వారి మాట వినుటకై పిలుచుట యొకటి. మొదటిదానినుండి రెండవదానికి రాగలుగుటకు మనకు చాలకాలము పట్టినది.

1851లో లండనుయందు, హైడ్ పార్కున ఇనుముతోను గాజుతోను నిర్మించిన మందిరమున జరిగిన మహాప్రదర్శనమునకు మన దేశపు మస్లినులు పోయినవి, ఆభరణములు పోయినవి, ఏనుగుపైనుంచు అంబారీ సయితము పోయినది. వానిని చేసిన చేతులు మాత్రము పోలేదు. ముప్పదియైదేండ్ల తరువాత, 1886లో, ఆ నగరముననే సౌత్ కెన్సింగ్టనున జరిగిన వలసరాజ్య భారత ప్రదర్శనమునకు చేతులును పోయినవి. 34 మంది పనివారు కొలువుతీరిన వస్తువులవలె అచ్చట కూర్చుండి, వచ్చిపోవు జనులు చూచుచుండగా, నేయుచును చెక్కుచును కుండలు చేయుచును దినములు గడపిరి. వారిలో పెక్కురు ఆగ్రా కారాగారమున పని నేర్చినవారు. వారిని ఓడనెక్కించి తీసికొనిపోయినవాడు ఆ కారాగారాధికారి యైన టైలర్ అను వైద్యుడు. బక్షీరామ్ అను కుమ్మరికి నూరేండ్లు దాటినవని చెప్పి, ఆ వయస్సునుకూడ ఒక వింతగా ప్రకటించిరి. విక్టోరియా రాణి వారిని చూచి ముచ్చటపడి, వారిలో కొందరిని చిత్రించుమని రుడాల్ఫ్ స్వొబోడాయను చిత్రకారుని నియోగించగా, అతడు వ్రాసిన పటములు ఆమె ఆస్బోర్న్ గృహపు గోడలనెక్కినవి. అవి మిక్కిలి సుందరములైన పటములు. వానిలోని ముఖములను చూచినవారికి చిత్రకారుని హృదయము ఆర్ద్రమైనదని తెలియును. అయినను ఆ 34 మందిలో ఒక్కనినైనను లేవనెత్తి, నీ పనిలో కష్టమేమి, నీకు గిట్టుబాటేమి, మాంచెస్టరు గుడ్డ వచ్చిన తరువాత మీ వీథిలో ఎన్ని మగ్గములు నిలిచినవి అని అడుగుటకు ఆ ప్రదర్శనమున వేదిక లేదు. శిల్పి వచ్చెను గాని శిల్పి మాట రాలేదు.

ఆ మాటకు చోటు ఏర్పడుట మన దేశమున రాజకీయోద్యమము వెంట మొదలైనది. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము దేశమున ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించినది. 1923 డిసెంబరులో కాకినాడయందు కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, దాని ప్రక్కనే ఖద్దరు ప్రదర్శనము వెలసినది. ఆ ప్రదర్శనపు ద్వారమున నిలిచిన పదునాలుగేండ్ల బాలిక టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపివేయుటయు, నిర్వాహకులు వచ్చి టిక్కెట్టు కొని యిచ్చినగాని లోనికి పోనీయకపోవుటయు తెలుగునాట ఎరుగనివారు లేరు. ఆ బాలికయే తరువాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఈ కథను అందరును ఆ బాలిక ధైర్యమునకు ఉదాహరణముగా చెప్పుదురు. నాకు దానిలో మరియొకటి కూడ కనబడును. నూలు వడికిన చేతులకు ఆ ద్వారము వద్ద ఒక వెల యున్నది. ఎంతటివాడైనను ఆ వెల చెల్లించియే లోనికి పోవలెను. లండనులో చూచుట రాణిగారి హక్కు. కాకినాడలో చూచుటకు నియమము కలదు.

అసలు కథ అటుపిమ్మట నలుబదియేండ్లకు, సముద్రముల కావల, ఇద్దరు స్త్రీల చేతులమీదుగా నడచినది.

వారిలో ఒకరు అమెరికాదేశీయురాలు ఐలీన్ ఆస్బోర్న్ వెబ్. 1892లో ధనిక కుటుంబమున జనించి, ధనికుల యింటనే మెట్టిన ఈ స్త్రీ, 1930ల మహామాంద్యములో తన పొరుగున నున్న పుట్నం మండలపు గ్రామీణుల దైన్యమును చూచి, వారి యిండ్లలోని కోడిగ్రుడ్లను, కూరగాయలను, వానితోపాటు చేతితో చేసిన వస్తువులను నగరమునకు చేర్చి అమ్మించు ఏర్పాటు చేసెను. కోడిగ్రుడ్లతో మొదలైన ఆ యత్నము 1940లో న్యూయార్కునందు అమెరికా హౌస్ అను విక్రయశాలగను, పిదప చేతిపనివారి జాతీయమండలిగను, ఒక పాఠశాలగను, 1956లో సమకాలిక శిల్పముల మ్యూజియముగను పెంపొందినది. 1957లో కాలిఫోర్నియా సముద్రతీరమందలి అసిలొమారునందు ఆ మండలి దేశమందలి చేతిపనివారిని నాలుగువందలకు పైగా ఒకచోట చేర్చినప్పుడు, ఒంటరిగా తమతమ పనిగదులలో మట్టిని పిసుకుచు, నూలును నేయుచు నుండిన ఆ మనుష్యులు తమవంటివారు ఇందరున్నారని మొదటిసారి కన్నులార చూచిరి.

రెండవవారు మన కమలాదేవీ చట్టోపాధ్యాయ. 1903లో మంగళూరున జనించి, హైదరాబాదువారైన చట్టోపాధ్యాయుల యింటి కోడలై, సరోజినీదేవి తమ్ముడగు హరీంద్రనాథుని పరిణయమాడి, 1930లో బొంబాయి సముద్రతీరమున ఉప్పు సత్యాగ్రహమున ముందు నిలిచిన ఈమె, స్వాతంత్ర్యానంతరము పదవులను కోరక, దేశవిభజనమున నిర్గతికులైన శరణార్థులకై సహకారసంఘము స్థాపించి, ఫరీదాబాదులో వారికి నిలువనీడ కల్పించు పనిలో దిగెను. 1952లో అఖిల భారత హస్తకళామండలి ఏర్పడినప్పుడు దాని అధ్యక్షపీఠము ఆమెకు లభించినది. ఆమె పీఠమున కూర్చుండలేదు, ఊరూర తిరిగెను. శ్రీకాళహస్తియందు కరక్కాయరసమును పాలను గుడ్డకు పట్టించి, బెల్లమును తుప్పుపట్టిన ఇనుమును నానవేసి తీసిన నల్లని రంగుతో, వెదురుకలము చేతబట్టి పురాణకథలను వ్రాయు కలంకారి విద్య, తెలిసిన చేతులు కొద్దిగా మాత్రమే మిగిలి అడుగంటుచుండగా, 1950ల చివరి సంవత్సరములలో అచ్చట శిక్షణకేంద్రము వెలసి, జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు గురువై యువకులకు ఆ కలమును పట్టుట నేర్పిరి. ఆ కేంద్రమే లేకున్న శ్రీకాళహస్తి కలంకారిని మనము నేడు మ్యూజియములలో మాత్రమే చూచియుందుమని నా నమ్మకము.

ఈ యిద్దరిని కలిపిన మూడవ స్త్రీని చరిత్ర తక్కువగా తలచుట న్యాయము కాదు. 1960ల ప్రారంభమున మార్గరెట్ ప్యాచ్ అను ఆమె, వెబ్ దొరసాని ప్రోత్సాహముతో, దేశదేశములు తిరిగి, ఎచ్చట ఎవరు చేతిపనుల మేలుకోరి పాటుపడుచున్నారో వారినెల్ల వెదకి పలుకరించెను. సభ విజయమునకు వేదిక కంటె, ఉపన్యాసము కంటె, పిలుపు ముఖ్యము. పిలుపు అనగా కాగితముమీద అచ్చొత్తి పంపునది కాదు. ఇంటికి పోయి బొట్టుపెట్టి పిలుచునది. ప్యాచ్ చేసినది అట్టి పిలుపే యని నేనందును.

1964 జూన్ మాసమున, న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున, నలుబదికి పైగా దేశములవారు కూడిన తొలి ప్రపంచ శిల్పిమహాసభ జరిగినది. ఆ సభ బిడారమువలె కూడి విడిపోలేదు. జూన్ 12వ తేదీన ప్రపంచ హస్తకళామండలికి ప్రతిష్ఠ చేసి లేచినది. కమలాదేవి ఉపాధ్యక్షురాలయ్యెను. అదే యేట మద్రాసునందు భారత హస్తకళామండలి స్థాపితమైనది.

ఆ సభకు మూలమైన వెబ్‌కును కమలాదేవికిని శిల్పము అను మాటకు అర్థమే ఒక్కటి కాదు. అమెరికాలో నాటికి చేతిపనివాడు చాలవరకు విశ్వవిద్యాలయమున చదువుకొని, తన పనిగదిలో తన పేరుతో, తన భావనకు రూపమిచ్చు ఏకాకి కళాకారుడు. భారతదేశమున అతడు లక్షలలో ఒకడు. తాతనుండి తండ్రికి, తండ్రినుండి తనకు వచ్చిన విద్యతో, పడుగు ఇంటిల్లిపాదియు పట్టి, పేక తానొక్కడు నేసి, సంత దినమున ఆ గుడ్డ అమ్ముడుపోయినగాని పొయ్యి రాజుకొననివాడు. ఒకరికి ప్రశ్న స్వేచ్ఛ. ఒకరికి ప్రశ్న కూలి. ఈ భేదమును కప్పిపుచ్చి, చేతులన్నియు ఒక్కటేయని తీయగా పలికి లేచిపోవుట సులభము. ఒక్కరే నడపిన సభలో ఆ నడపినవారి ప్రశ్నయే సభకంతకు ప్రశ్న యగును. ఇద్దరు సమముగా నిలిచి నడపినచోట రెండు ప్రశ్నలును ఒకే చావడిలో వినవచ్చును. ధనమును స్థలమును ఒకచోటనుండియు, బ్రతుకుపోరాటపు అనుభవము ఇంకొకచోటనుండియు వచ్చినవి గనుకనే, కొలంబియాలో కూడినవారు ఒకరినొకరు చూచుటతో తృప్తిపడక వినగలిగిరి.

అటుపిమ్మట ఆ మండలి సభలు రెండేండ్లకొక దేశమున సాగినవి: 1968లో పెరూ రాజధాని లీమాయందు, 1970లో డబ్లినునందు, 1974లో టొరొంటోయందు, 1978లో క్యోటోయందు. మన ప్రభుత్వము 1965లో నిపుణశిల్పులకు జాతీయపురస్కారములు నెలకొల్పినది. 1979లో వెబ్, 1988లో కమలాదేవి గతించిరి.

2020లో మహమ్మారి సభలనన్నిటిని మూయించినది. సంతలు లేవు, ప్రదర్శనములు లేవు, నేసిన చీరెలు ఇండ్లలోనే మడతలయందు నిలిచిపోయినవి. ఆ యేటి ఆగస్టు 7వ తేదీన జాతీయ చేనేత దినోత్సవము సయితము తెరమీదనే జరిగినది. దానికి కొలది దినములకు ముందే, 1952లో కమలాదేవి అధ్యక్షతన పుట్టిన హస్తకళామండలిని ప్రభుత్వము రద్దుచేసినది. పనివారి ప్రతినిధులకు ప్రభుత్వముతో ముఖాముఖి మాటాడుటకు అరువదెనిమిదేండ్లుగా నున్న ఒక పీట అట్లు తీయబడుట, అందును తలుపులన్నియు మూతపడిన కాలముననే తీయబడుట, నన్ను మిక్కిలి బాధించినది. ఆ మండలికి లోపములు లేవని నేననను. కాని లోపమున్న పీటను బాగుచేయుదురు గాని మనిషిని నిలువబెట్టరు.

ఆ యేటనే పుట్టపాకలో నేయు తేలియా రుమాలునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆముదపుకాయల బూడిదనీటిలోను నూనెలోను నూలును దినముల తరబడి నానవైచి, ఆరవైచి, పిదప ముడులు కట్టి అద్ది నేయుదురు. ఆ గుడ్డను ముక్కునకు దగ్గరగా పట్టిననే అది తేలియాయని తెలియును. తెరమీది సభకు ఆ వాసన చేరదు. కాని అచ్చట వేరొకటి జరుగుచున్నది. నేతగాడు ఎచ్చటికిని ఓడనెక్కి పోనక్కరలేదు; కూర్చున్నది తన గుంటమగ్గము, వెనుకనున్నది తన గోడ, ఎదుట ఫోను నిలిపినది తన కుమార్తె. ఎక్కడనో చలిదేశమున అల్లికపని చేయు స్త్రీ యొకతె ఆంగ్లమున అడిగిన ప్రశ్నను సహాతిథేయ తెలుగున చెప్పును: ముడి విప్పినప్పుడు రంగు అంచు చెదరకుండుట ఎట్లు? అతడు నాడెను ఆపి, ఒక్కక్షణము ఆలోచించి, అల్లునప్పుడు మీకు దారము బిగువు ఎట్లు తెలియునో ముందు చెప్పుడని ఆమెనే అడుగును. ఆమె తన సూదులను తెరకు దగ్గరగా తెచ్చి చూపును.