ఎక్స్‌టీకి ఇప్పటికీ చోటుంది

ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌ని 1981 ఆగస్టు 12న అమెరికాలో విడుదల చేసింది. ఇంటెల్ 8088 ప్రాసెసరు, 4.77 మెగాహెర్ట్జ్ వేగం, అన్నిటికన్నా తక్కువ ధర మోడల్లో 16 కిలోబైట్ల మెమరీ. సరిగ్గా ఆ మరుసటి నెల, సెప్టెంబరులో, జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో ఇంటర్నెట్ పత్రాల వరసలో 791, 793 నంబర్లతో రెండు పత్రాలు వెలువడ్డాయి. మొదటిది ఐపీ, రెండోది టీసీపీ, యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికి రాసిన ఒప్పందాలు. ఇవాళ మన ఇంటి రౌటరు పంచిపెట్టే నాలుగు సంఖ్యల అడ్రసు ఆ 791వ పత్రంలో రాసినదే. పెట్టె, ఒప్పందం రెండూ ఒకే ఈడువి. కాని ఒకదానికోసం ఒకటి పుట్టలేదు. పీసీ ఆఫీసు బల్ల మీద లెక్కలూ ఉత్తరాలూ రాసుకోడానికి వచ్చింది. టీసీపీ/ఐపీని తయారు చేసినవాళ్లు విశ్వవిద్యాలయాల్లో, రక్షణ శాఖలో గదినిండా ఉండే యంత్రాలను దృష్టిలో పెట్టుకున్నారు.

నేను మద్రాసు రిచీ స్ట్రీట్‌లో హార్డ్‌వేర్ సర్వీసు పనిలో బతికినవాణ్ణి. ఇప్పుడు నెల్లూరులో ఉంటూ, ఎవరైనా తెచ్చిస్తే ఆ ఐబీఎం పీసీ వంశానికి చెందిన పాత ఎక్స్‌టీలు, 286లు బాగుచేస్తుంటాను. బాగయ్యాక వాటిని నెట్‌కి కలుపుతాను. అది వీలయ్యే పనేనా అని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఎం.ఐ.టి. దగ్గర మొదలవుతుంది.

అక్కడి కంప్యూటర్ సైన్స్ లాబొరేటరీలో జెరోమ్ సాల్ట్‌జర్, డేవిడ్ క్లార్క్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ రోజుల్లో ఓ ప్రశ్న వేసుకున్నారు. అప్పటికి చిన్న కంప్యూటర్‌ని నెట్‌వర్క్‌కి కలపడమంటే దాన్ని పెద్ద యంత్రానికి టెర్మినల్‌గా తగిలించడమే. నెట్‌వర్క్‌లో పేరూ అడ్రసూ పెద్ద యంత్రానివి. చిన్నది అది పంపిన అక్షరాలు తెర మీద చూపిస్తుంది, అంతే. అలా కాకుండా ఈ బల్ల మీది పెట్టెకే సొంత అడ్రసు ఇచ్చి, టీసీపీ/ఐపీ మొత్తాన్ని దీని మీదే నడిపితే ఏమవుతుంది? ఇంత తక్కువ మెమరీలో అది పట్టదని చాలామంది అభిప్రాయం. జాన్ రోమ్‌కీ అనే విద్యార్థి మరికొందరితో కలిసి దాన్ని పట్టించాడు. ఆ సాఫ్ట్‌వేరు పేరు పీసీ/ఐపీ.

వాళ్లు చేసిన తెలివైన పని, టీసీపీని పనికి తగ్గట్టు కుదించడం. దూరంగా ఉన్న యంత్రంలోకి టెల్‌నెట్‌తో లాగిన్ అయినవాడు ఇటునుంచి కొద్ది అక్షరాలు కొడతాడు, అటునుంచి తెరలకు తెరలు వస్తాయి. పంపేది తక్కువ, అందుకునేది ఎక్కువ అని ముందే తెలిస్తే కోడు ఎంతో చిన్నదవుతుంది. ఒప్పందం మాత్రం ఎక్కడా తప్పలేదు. అటువైపున్న పెద్ద యంత్రానికి, తాను మాట్లాడుతున్నది ఓ బుల్లి పీసీతో అన్న సంగతి తెలియాల్సిన అవసరమే లేదు. ఈ అనుభవాన్ని సాల్ట్‌జర్, క్లార్క్, రోమ్‌కీ, వేన్ గ్రామ్లిచ్ కలిసి 1985లో ఒక వ్యాసంగా ప్రచురించారు. నెట్‌వర్క్‌లో డెస్క్‌టాప్ కంప్యూటరు పరికరంగా కాక భాగస్వామిగా ఉండగలదన్నది దాని సారం. ఇంటర్నెట్ చరిత్రలో ఈ నలుగురికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా గట్టి నమ్మకం.

రోమ్‌కీ 1986లో మరికొందరితో కలిసి ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ పెట్టాడు. ప్యాకెట్ డ్రైవర్ అనే పద్ధతి ఆ కంపెనీదే. నెట్‌వర్క్ కార్డులు రకరకాల కంపెనీలవి, ఒక్కోదానికి ఒక్కో తీరు. ప్రతి ప్రోగ్రాము ప్రతి కార్డు తీరూ నేర్చుకుంటూ పోతే ఆ పనికి అంతుండదు. అందుకని కార్డుకో చిన్న డ్రైవరు రాసి డాస్ మెమరీలో కూర్చోబెట్టారు. కొద్ది కిలోబైట్లే తింటుంది. కార్డు ఏదైనా ప్రోగ్రాము దాన్ని ఒకే తీరున పిలవచ్చు. డ్రైవరు ఎక్కడుందో తెలుసుకోడానికి ప్రోగ్రాము హెక్స్ లెక్కలో 60 నుంచి 80 దాకా ఉన్న ఇంటరప్టులను ఒక్కొక్కటే తడిమి చూస్తుంది. ‘పీకేటీ డీఆర్‌వీఆర్’ అనే అక్షరాలు ఎక్కడ కనబడితే అక్కడ ఆగుతుంది. ఎంత నిరాడంబరమైన ఏర్పాటో చూడండి. రసెల్ నెల్సన్ ఇలాంటి డ్రైవర్లను సోర్సు కోడుతో సహా ఒకచోట చేర్చి అందరికీ పంచాడు. ఆ ఒక్క పని వల్ల, కార్డు చేసిన కంపెనీ మూతపడినా కార్డు మూలన పడలేదు.

కార్డు లేనివాళ్లకు ఫోన్ లైనుంది. సీరియల్ తీగ మీద ఐపీ ప్యాకెట్లు పంపే స్లిప్ పద్ధతిని 1988లో అదే పత్రాల వరసలో 1055వదిగా రాసిపెట్టింది కూడా రోమ్‌కీయే. ప్యాకెట్ అయిపోయాక 192 అనే బైటు పంపడం, ఆ బైటే డేటాలో తగిలితే దానికి బదులు వేరే జంట బైట్లు పంపడం. పద్ధతి సారం ఇంతే. 1990లో ఒక ప్రదర్శనలో ఈయన రొట్టెలు కాల్చే టోస్టర్‌నే ఇంటర్నెట్‌కి కలిపి చూపించాడు.

మన దగ్గర విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ని మామూలు జనానికి తెరిచింది. మద్రాసులో మా కొట్టుకి వచ్చే కుర్రాళ్లలో ఎక్కువమందివి షెల్ అకౌంట్లు. మోడెంతో డయల్ చేస్తే అటువైపు యూనిక్స్ యంత్రం పలికేది. పైన్‌లో ఉత్తరాలు, లింక్స్‌లో అక్షరాల వెబ్ పేజీలు. టోన్ డయలింగ్ లేని ఎక్స్ఛేంజీల కింద ఉన్నవాళ్లకు ఏటీడీటీ బదులు ఏటీడీపీ అని కొట్టాలని నేనే కాగితం మీద రాసిచ్చేవాణ్ణి. షెల్ అకౌంటుకి ఎక్స్‌టీ చాలు, ఎందుకంటే అది చేసేది టెర్మినల్ పనే. టీసీపీ/ఐపీ అకౌంటుకి డబ్బు చాలా ఎక్కువ. ఎం.ఐ.టి. వాళ్లు పదేళ్ల కిందట చెరిపేసిన గీతను ఇక్కడ ధర మళ్లీ గీసింది. డబ్బున్నవాడి యంత్రానికి అడ్రసొచ్చింది, విద్యార్థి యంత్రం పెద్ద యంత్రం గుమ్మంలోనే నిలబడింది. అప్పుడు నాకది అన్యాయమనిపించింది. ఇప్పటికీ అదే మాట అంటాను.

ఇక ఇప్పటి సంగతి. ఉదయగిరి వైపు నుంచి ఒకావిడ ఎక్స్‌టీ క్లోన్ ఒకటి తెచ్చారు. “మా మావయ్య తెలుగు పండిట్ అండీ. చుట్టుపక్కల ఊళ్ల కథలన్నీ ఇందులోనే కొట్టుకున్నారు. తీసివ్వగలరా?” అని అడిగారు. మూత విప్పితే 20 మెగాబైట్ల ఎస్‌టీ-225 హార్డ్ డిస్కు, దాని పక్క స్లాట్లో జిస్ట్ కార్డు. సీ-డాక్ వాళ్ల ఈ కార్డు డాస్‌లో తెలుగు తెర మీద చూపించేది. అక్షరాలు ఇస్కీ పద్ధతిలో, 160 పైనున్న బైట్లలో ఉంటాయి. యూనికోడ్‌లో తెలుగు అక్షరాల వరస కూడా ఇస్కీనే అనుసరించింది కాబట్టి ఫైలు బయటికొస్తే మార్చుకోవడం కష్టం కాదు. బయటికి తేవడమే అసలు పని. ఆ కాలం ఎంఎఫ్ఎం డిస్కుని ఇప్పటి యూఎస్‌బీ అడాప్టరుకి తగిలించలేం, దాని కంట్రోలరు కార్డుతోనే దాన్ని చదవగలం. 5.25 అంగుళాల ఫ్లాపీ తీసుకునే డ్రైవు ఇప్పటి ఏ యంత్రానికీ లేదు. సీరియల్ కేబులు మీద 9600 వేగంతో డిస్కంతా దించాలంటే ఆరు గంటలు.

నెట్‌వర్కే దగ్గరి దారి. ఎక్స్‌టీ 8 బిట్ల స్లాటులో పనిచేసే ఎన్ఈ2000 తరహా కార్డు పెట్టాను. 10 మెగాబిట్ల పాత కార్డుతో కూడా ఇప్పటి చాలా రౌటర్లు మాట్లాడతాయి. ప్యాకెట్ డ్రైవరు ఎక్కించి, పైన ఎంటీసీపీ పెట్టాను. ఇది మైకేల్ బ్రట్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు ఏళ్లతరబడి సాకుతున్న సాఫ్ట్‌వేరు. 8088 మీద, డాస్ 2.1 మీద కూడా నడుస్తుంది, సోర్సు కోడు అందరికీ ఇచ్చాడు. డీహెచ్‌సీపీ అని కొట్టగానే రౌటరు ఆ పెట్టెకి, ఇంట్లో ఫోన్లకు ఇచ్చినట్టే, ఓ అడ్రసు ఇచ్చింది. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ సర్వరు ప్రోగ్రాము నడిపి, బైనరీ పద్ధతిలో, పండిట్‌గారి ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్‌లోకి దించాను. గంట కూడా పట్టలేదు. రోమ్‌కీ, నెల్సన్, బ్రట్‌మన్ ముగ్గురి చేతులూ ఆ పనిలో ఉన్నాయి. పేరూ ముఖమూ తెలియని మాస్టారి కోసం వాళ్లు పనిచేసినట్టయింది.

ఇదే ఎక్స్‌టీలో వెబ్ చూడాలంటే మాత్రం తలుపు వేసే ఉంటుంది. అడ్డం నెట్‌వర్క్‌ది కాదు, పైనున్న సంకేత రక్షణది. ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్ అడుగుతుంది. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజరు సాదా హెచ్‌టీటీపీ సైట్లన్నిటికీ ‘సురక్షితం కాదు’ అని ముద్ర వేస్తోంది. ఆ గుప్త లెక్కలు 8088 మోయలేని బరువు. మధ్యలో రాస్ప్‌బెరీ పై లాంటి చిన్న యంత్రాన్ని పెట్టి, అది విప్పి ఇస్తే ఇది చూపించాలి, అంటే మళ్లీ టెర్మినల్ బతుకే. బ్యాంకుకి, ఉత్తరాలకి తాళం ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కాని ఎవరి గుట్టూ లేని నిఘంటువుకి, పాత పుస్తకాల జాబితాకి తాళంతో పాటు సాదా తలుపు కూడా ఒకటి ఉంచితే బావుంటుంది. 1981 నాటి పెట్టెకు చోటివ్వగలిగిన నెట్‌వర్క్ మీద, 2018 నాటి ఫోన్ని కూడా పనికిరాదని పక్కకు నెట్టే సైట్లు కట్టడం ఆ పెద్దల పనికి తగిన గౌరవం కాదు.

మీ ఇంట్లోనో, ఊళ్లో మూతపడ్డ ప్రెస్సులోనో ఇలాంటి పెట్టె ఉంటే తూకానికి అమ్మేముందు ఒక్కమాట వినండి. ఏళ్ల తరబడి మూలనున్నదాన్ని అమాంతం కరెంటుకి పెట్టొద్దు. పవర్ సప్లైలో కెపాసిటర్లు పేలొచ్చు, తెలిసినవాళ్లకు ముందు చూపించండి. డిస్కుని విడిగా పీకి పట్టుకెళ్లొద్దు, కంట్రోలరు కార్డుతో సహా యంత్రాన్నంతా తీసుకెళ్లండి. పక్కన జిస్ట్ కార్డుంటే అదీ అందులోనే ఉండనివ్వండి. ఫైళ్లు బయటికొచ్చాక ఇస్కీ నకలూ, యూనికోడ్ నకలూ రెండూ దాచుకోండి. ఆ యంత్రాన్ని రౌటరు వెనకే ఉంచండి, బయటి నెట్‌కి తెరవొద్దు. డాస్‌కి కాపలా ఏమీ ఉండదు. జిస్ట్ కార్డుల మీద తెలుగు కొట్టిన తరం పెద్దదైపోయింది. వాళ్లు రాసింది చదివించుకునే పని ఈ ఏడాదే పెట్టుకోండి.